మెడికల్ షాపులో మలేరియా కార్డు టెస్ట్ పెట్టొచ్చా? ఆదోని నుంచి అడుగుతున్నా

ఆదోని అంగడి | ఆదోని

అందరికీ నమస్కారం. రైల్వే స్టేషన్ రోడ్డులో నాకు చిన్న మెడికల్ షాపు ఉంది. డి.ఫార్మసీ చదివాను. లైసెన్సు నా పేరు మీదే, కౌంటర్లో కూర్చునేదీ నేనే. ఎవరిదో సర్టిఫికెట్ అద్దెకు తెచ్చి ఫ్రేము కట్టించిన బాపతు కాదు.

మా దగ్గర వానలు పడ్డాయంటే జ్వరాలు మొదలు. ఆసుపత్రి గడప తొక్కకముందే జనం మా కౌంటర్ దగ్గరికి వస్తారు. "అన్నా, జొరానికి రెండు పూటలకు కట్టియ్యి" అంటారు. పారాసెట్మాల్, ఒక గ్యాస్ మాత్ర, ఒక యాంటీబయాటిక్, కాగితంలో పొట్లం. ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఊళ్లో జరిగేది ఇదే.

ఇలా వచ్చేవాళ్లలో సుగ్గికి (వలస కూలికి) పోయి వచ్చినవాళ్లు చాలామంది. కౌతాళం, కోసిగి, పెద్దకడుబూరు వైపు నుంచి గుంటూరు మిరపకోతలకు పోయేవాళ్లు సరే, బొంబాయి, గోవా, మంగళూరు బిల్డింగ్ పనులకు పోయేవాళ్లూ ఉన్నారు. పోయినేడు ఒక పిల్లోడు బొంబాయి రైలు దిగి నేరుగా షాపుకొచ్చాడు. మిట్టమధ్యాహ్నం, ఫ్యాను కింద నాకే చెమటలు కారుతుంటే వాడు రగ్గు కప్పుకుని వణుకుతున్నాడు. "మొన్నొచ్చింది, నిన్న లేదు, ఈరోజు మళ్లీ" అన్నాడు. రక్తపరీక్ష చేయించుకోమని గవర్నమెంటు ఆసుపత్రికి దారి చెప్పా. "ఊరికి బస్సుందన్నా, మాత్రలియ్యి చాలు" అన్నాడు. వారం దాటాక వాళ్లమ్మ వచ్చి చెప్పింది, వైవాక్స్ మలేరియా అని తేలిందంట.

ఇప్పుడు ఒక మెడికల్ రెప్ వచ్చి కార్డు కిట్లు పెట్టుకోమంటున్నాడు. వేలి చివర చుక్క రక్తం, పదిహేను ఇరవై నిమిషాల్లో గీతలు. నాకు ఆశగానూ ఉంది, భయంగానూ ఉంది. చట్టం ఒప్పుతుందా? ఒప్పినా పెట్టడం మంచిదేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

స్లైడు బాబు | కడప

ల్యాబ్ టెక్నీషియన్‌ని, కాబట్టి నా కడుపుమంట అనుకున్నా పరవాలేదు. వద్దు అన్నా.

కార్డు టెస్ట్ చూడ్డానికి సులువు. అందుకే తప్పులూ ఎక్కువ. పౌచ్ చింపగానే ముందు లోపలున్న సిలికా జెల్ చూడాలి, రంగు మారిందంటే తేమ పట్టినట్టే, ఆ కార్డు పారేయాలి. వేలి రక్తం కిట్‌తో వచ్చిన చిన్న లూప్‌తో 5 మైక్రోలీటర్లే తీసుకోవాలి. ఎక్కువ పడితే కార్డంతా ఎర్రగా అలుముకుని గీత కనపడదు. రక్తం ఒక గుంటలో, బఫర్ (కిట్‌తో వచ్చే ద్రవం) ఇంకో గుంటలో, కంపెనీ చెప్పినన్ని చుక్కలే. ఒక కిట్ బఫర్ అయిపోయిందని ఇంకో కిట్ బఫర్ పోసేవాళ్లను చూశాను. సెలైన్ పోసేవాళ్లనూ చూశాను. అలా చేస్తే లేని మలేరియా ఉన్నట్టు గీత రావొచ్చు.

తర్వాత టైము. ఐదు నిమిషాలకే గీత లేదని నెగెటివ్ అనకూడదు. అలాగని మర్చిపోయి గంట తర్వాత చూసి లేత గీత ఉందని పాజిటివ్ అనకూడదు. నీ షాపులో సాయంత్రం ఏడింటికి పదిమంది కౌంటర్ మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంటారు. గడియారం ఎవరు చూస్తారు?

ఇంకో మాట. మలేరియాలో ముఖ్యంగా రెండు రకాలు, ఫాల్సిపారమ్, వైవాక్స్. ఫాల్సిపారమ్‌ను పట్టే గీత హెచ్ఆర్‌పి2 అనే ప్రోటీన్‌ను బట్టి వస్తుంది. జబ్బు తగ్గినా అది రక్తంలో వారాలపాటు ఉంటుంది. బొంబాయిలో మందు పూర్తిగా వాడి నయమై వచ్చినవాడికి నువ్వు కార్డు పెడితే మళ్లీ గీత. మళ్లీ మందు. జేఎస్‌బీ స్టెయిన్ అనే రంగు స్లైడు మీద వేసి మైక్రోస్కోప్ కింద పెడితే మలేరియా పురుగు (పరాన్నజీవి) రక్తంలో ఇంకా ఉందో లేదో కళ్లతో చూడొచ్చు.

టవర్ క్లాక్ | అనంతపురం

స్లైడు బాబు అన్నా, మీ ల్యాబుల్లో అందరూ మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టి చూస్తారా? మా వీధి ల్యాబులోనూ ఇదే కార్డు. కాకపోతే తెర వెనక.

స్లైడు బాబు | కడప

> కాకపోతే తెర వెనక.

చాలాచోట్ల నిజమే, కాదనను. కానీ ఆ తెర వెనక ఉన్నవాడు కనీసం ల్యాబ్ డిప్లొమా అయిన డీఎంఎల్‌టీ చదివినవాడు.

విక్టోరియా సరస్సు | కంపాలా (సొంతూరు ప్రొద్దుటూరు)

ఉగాండాలో మందుల డిస్ట్రిబ్యూషన్‌లో పనిచేస్తున్నా. ఇక్కడ ఈ చర్చ ఎప్పుడో అయిపోయింది కాబట్టి నాలుగు మాటలు.

ఇక్కడ డ్రగ్ షాప్ అంటే మన పల్లెల్లో ఆర్ఎంపీ, మెడికల్ షాపు కలిపి ఒకే గదిలో పెట్టినట్టు. జ్వరం వస్తే జనం మొదట పోయేది దానికే. ఒకప్పుడు జ్వరం అంటే మలేరియానే, చేతికి మందు. 2010 నుంచి డబ్ల్యూహెచ్‌ఓ మాట మార్చింది: పరీక్ష చేసి, పురుగు ఉందని తేలాకే మందు ఇవ్వండి అని. ఆసుపత్రుల్లో పరీక్షలొచ్చాయి. షాపుల్లో పాత పద్ధతే. అప్పుడు ముకోనో జిల్లాలో లైసెన్సున్న షాపులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు కార్డు టెస్ట్ నేర్పించి, రెండో గుంపును యథాప్రకారం వదిలేశారు. 2015లో ఫలితాలు అచ్చయ్యాయి. కార్డు ఉన్న షాపులకు వెళ్లినవాళ్లలో సరైన వైద్యం అందింది నూటికి 73 మందికి. లేని షాపుల్లో 34 మందికి. పరీక్ష వద్దన్నవాళ్లు దాదాపు లేరు. అమ్మేవాళ్లు డాక్టర్లు కాదు, నర్సింగ్ అసిస్టెంట్ల స్థాయివాళ్లే. నేర్పితే చేశారు.

టాంజానియాలో ఇంకో దారి. 2003లో రువూమా ప్రాంతంలో మొదలుపెట్టి చిన్న షాపులకు శిక్షణ, తనిఖీ, గుర్తింపు బోర్డు ఇచ్చారు. బోర్డు ఉన్న షాపు ఏయే మందులు అమ్మొచ్చో జాబితా ఉంటుంది. దొంగచాటుగా జరిగేదాన్ని వెలుగులోకి తెచ్చి పద్ధతిలో పెట్టారన్నమాట.

కాబట్టి షాపువాడు చేయలేడు అనే మాట నేను ఒప్పుకోను. సమస్య వేరేచోట ఉంది. నెగెటివ్ వచ్చినవాణ్ని ఆసుపత్రికి వెళ్లమంటే వెళ్లేవాళ్లు ఇక్కడా తక్కువే. షాపువాడు కూడా ఊరికే పంపడు, మలేరియా మందు బదులు యాంటీబయాటిక్ చేతిలో పెడతాడు.

నల్లమల పీహెచ్‌సీ | ఆత్మకూరు వైపు

ఆత్మకూరు దగ్గర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసర్‌ని. చెంచుగూడేలు మా పరిధిలోకి వస్తాయి కాబట్టి మలేరియా గురించి కొంచెం ఎక్కువగా ఆలోచించాల్సి వస్తుంది.

కంపాలా మిత్రుడు చెప్పినదంతా నిజం, కానీ ఒక అంకె ఆయన చెప్పలేదు. ఆ షాపుల్లో పరీక్ష చేయించుకున్న జ్వరం మనుషుల్లో సగం మందికి పైగా పాజిటివ్. అది ఆ నేల తీరు. మన సంగతి అది కాదు. దేశం మొత్తం మీద 2015లో 11.7 లక్షల మలేరియా కేసులు నమోదైతే 2023కు 2.27 లక్షలకు దిగాయి. మన రాష్ట్రంలో ఆ కాస్తా ఎక్కువగా అల్లూరి, పార్వతీపురం మన్యం ఏజెన్సీలోనే. రాయలసీమలో జ్వరంతో వచ్చినవాళ్లలో మలేరియా బహుతక్కువ.

ఇప్పుడు లెక్క చూడండి, ఊహకే చెప్తున్నా. ఆదోని షాపులో 1000 మందికి కార్డు పెట్టారనుకుందాం. నిజంగా మలేరియా ఉన్నది 5 మందికి. కార్డు చాలా మంచిది, నూటికి ఇద్దరికే తప్పుగా గీత చూపిస్తుంది. అంటే మలేరియా లేని 995 మందిలో దాదాపు 20 మందికి పాజిటివ్ వస్తుంది. మొత్తం 25 పాజిటివ్‌లలో 20 తప్పు! అదే కార్డు ముకోనోలో పెడితే 500కు పైగా నిజం పాజిటివ్‌ల మధ్య తప్పుడువి పది ఉంటాయి. కార్డు మారలేదు, ఊరు మారింది.

అందుకే వచ్చిన ప్రతి జ్వరానికీ కార్డు పెట్టడం మన దగ్గర దండగ. పైగా ఆ ఇరవై మందిలో ఒకరికి డెంగ్యూ ఉంటే, మలేరియా అని తేలిపోయిందనుకుని ఇంట్లో పడుకుంటాడు.

అమ్మఒడి కాదు అమ్మనొప్పి | అనంతపురం

డాక్టర్ గారు, లెక్క అర్థమైంది. కానీ మా వైపు నుంచి కూడా చూడండి సార్. బాబుకు జ్వరం వచ్చిందని ప్రైవేటుకు తీసుకెళ్తే జ్వరం ప్యాకేజీ అని ఐదారు పరీక్షలు రాశారు. వైడాల్‌లో 1:80 అని వచ్చిందని టైఫాయిడ్ అన్నారు, ఐదు రోజులు సెలైన్, ఇంజెక్షన్లు. ఆసుపత్రి పేరు రాయను. తర్వాత పిల్లల డాక్టర్ ఒకాయన రిపోర్టు చూసి నవ్వారు, మన ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు చేసినా అది రావొచ్చట. షాపులో నూటయాభై రూపాయలకు ఒక టెస్ట్ అయిపోతుందంటే నేనైతే అక్కడికే వెళ్తా. లెక్కల్లో తప్పుడు పాజిటివ్‌లు పెద్ద ల్యాబుల్లో లేవా?

టవర్ క్లాక్ | అనంతపురం

వైడాల్ పెట్టి చూస్తే అనంతపురం జిల్లాలో టైఫాయిడ్ లేనిది గాంధీ బొమ్మకు ఒక్కదానికే.

కౌంటర్ ఫైల్ | కర్నూలు

చట్టం సంగతి ఎవరూ ముట్టుకోలేదు. నేను డ్రగ్ లైసెన్సుల ఫైళ్లు తయారుచేసే కన్సల్టెంట్‌ని.

అమ్మడం వేరు, చేసి రిపోర్టు ఇవ్వడం వేరు. మీ దగ్గరున్నది 1940 చట్టం కింద మందులు అమ్ముకునే లైసెన్సు. ప్రెగ్నెన్సీ కార్డు, షుగర్ స్ట్రిప్పులు అమ్ముతున్నారు కదా, కొన్నవాళ్లు ఇంటికెళ్లి చూసుకుంటారు. 2021లో కోవిడ్ సెల్ఫ్ టెస్ట్ కిట్‌కు ఐసీఎంఆర్ అనుమతి ఇచ్చినప్పుడూ అంతే, కౌంటర్లో అమ్మారు, ముక్కులో పుల్ల కొన్నవాడే పెట్టుకున్నాడు. మీరే వేలు గుచ్చి, గీత చూసి, కాగితం మీద పాజిటివ్ అని రాసిచ్చారంటే అది ల్యాబ్ పని. మన రాష్ట్రంలో ల్యాబులు 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద రిజిస్టరు కావాలి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ముందు అడిగేది అదే.

చెత్త మర్చిపోకండి. 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం గుచ్చిన సూది తెల్లటి గట్టి డబ్బాలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి. షాపు వెనక మోరీలో కాదు. ఆ సంచి తీసుకెళ్లే ఏజెన్సీతో ఒప్పందం ఉండాలి.

ఇక పాజిటివ్ వస్తే మీరే మలేరియా కోర్సు కట్టివ్వడం మాత్రం అస్సలు కుదరదు. డాక్టర్ చీటీ కావాలి.

ఆదోని అంగడి | ఆదోని

అందరికీ థ్యాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు.

ఒక విషయం మాత్రం ఓపెన్‌గా చెప్తా, ఎవరూ అనుకోకండి. షాపువాడికి బతుకు మందు అమ్మితేనే. కార్డు నెగెటివ్ వచ్చింది, అమ్మా నీకు మలేరియా లేదు, పోయి డాక్టర్‌ను చూడు అని పంపాననుకోండి. ఇరవై నిమిషాలు పోయాయి, అమ్మకం పోయింది, కార్డు డబ్బులు అడిగితే "ఏమీ లేదని చెప్పడానికి నూటయాభయ్యా" అంటుంది. రెండు అంగళ్ల అవతల ఇంకో షాపులో పొట్లం కట్టి నలభైకి ఇస్తాడు. రేపట్నుంచి ఆమె నా దగ్గరికి రాదు. కంపాలా అన్న చెప్పినట్టు షాపువాడు యాంటీబయాటిక్ ఎందుకు ఇస్తాడో నాకు బాగా తెలుసు. అత్యాశ ఒక్కటే కాదు, ఖాళీ చేతులతో పంపితే జనం ఒప్పరు.

కాబట్టి కార్డు పెట్టించాలనుకునేవాళ్లు ఎవరైనా, నెగెటివ్‌కు షాపువాడికి ఏం మిగులుతుందో ముందు చెప్పాలి. పాజిటివ్ సంగతి తర్వాత.

విక్టోరియా సరస్సు | కంపాలా

పైన ఎవరూ అనని మాట ఇదే. ఆఫ్రికాలో ఎనిమిది చోట్ల 2010లో మలేరియా మందుకే ఏఎంఎఫ్ఎమ్ అని సబ్సిడీ ఇచ్చారు. షాపుల్లో మందు చౌకైంది, బాగా దొరికింది. పరీక్షకు ఆ సబ్సిడీ లేదు. మందు కంటే పరీక్షే ఖరీదైతే ఎవడు చేయించుకుంటాడు? నేరుగా మందే కొనేస్తాడు. ధరలే వైద్యం చేస్తాయి, డాక్టర్లు కాదు.

గోడమీది తేదీ | నంద్యాల

రిటైరయ్యాను. మలేరియా డిపార్టుమెంటులో ఫీల్డు పని చేశాను. మీ చర్చ చదువుతుంటే ఊరుకోలేక రాస్తున్నా.

మా రోజుల్లో ఇంటింటికీ పోయేవాళ్లం. జ్వరం ఎవరికొచ్చిందని అడిగి, వేలు గుచ్చి గాజు పలక మీద రక్తం తీసుకుని, అప్పటికప్పుడు పెద్దవాళ్లకైతే నాలుగు క్లోరోక్విన్ మాత్రలు మింగించి, గుమ్మం పక్క గోడ మీద తేదీ వేసి వచ్చేవాళ్లం. మేము నిజంగా పోయామా లేదా అని ఇన్‌స్పెక్టర్ ఆ తేదీ చూసుకునేవాడు. పలక చూసి రిపోర్టు వచ్చేసరికి వారాలు. ఆ లోపల జ్వరం తగ్గేది, మనిషి కూలికి పోయేవాడు, పాజిటివ్ అని చీటీ పట్టుకుని పొలాల్లో వెతికేవాళ్లం.

దేశానికి స్వాతంత్య్రం వచ్చేనాటికి ఏడాదికి ఏడున్నర కోట్ల కేసులు, ఎనిమిది లక్షల చావులు అని లెక్క. 1953లో జాతీయ కార్యక్రమం పెట్టారు, డీడీటీ కొట్టారు, 1965కు లక్షకు దించారు. అయిపోయిందనుకుని చేతులు దులుపుకున్నారు. 1976లో 64 లక్షలు! కేసులు తక్కువున్నాయి కాబట్టి పరీక్ష దండగ అని డాక్టర్ గారు అంటే నాకు ఆ సంవత్సరమే గుర్తొస్తుంది. తక్కువున్నప్పుడే వెతకాలి సార్.

నల్లమల పీహెచ్‌సీ | ఆత్మకూరు వైపు

పెద్దాయన అన్నది నిజం. దండగ అన్నది అందరికీ పెట్టడాన్ని. వెతకడాన్ని కాదు. ఎవరిలో వెతకాలన్నదే ప్రశ్న.

శ్రీలంకకు 2016లో మలేరియా లేని దేశమని డబ్ల్యూహెచ్‌ఓ సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ తర్వాత వాళ్లు వెతుకుతున్నది బయటి దేశాల నుంచి దిగినవాళ్లలో. మనకు బొంబాయి రైలు, మంగళూరు బస్సు అలాంటివే. ఆదోని, గుంతకల్లు స్టేషన్ల దగ్గరి షాపులు, ఎమ్మిగనూరు బస్టాండు దగ్గరి షాపులు. మిగతా ఊళ్లో వందల షాపులకు ఈ కార్డు అక్కర్లేదు.

ఆ షాపులో కూడా రెండు ప్రశ్నలు అడిగాకే. ఈ నెలరోజుల్లో ఊరు దాటి ఎక్కడికెళ్లి వచ్చావు? చలితో వణుకు వచ్చి, చెమటపట్టి తగ్గి, మళ్లీ వస్తోందా? బొంబాయి, గోవా, మంగళూరు, ఒడిశా, మన్యం, ఇంకో అడవి ప్రాంతం అన్నాడంటే పరీక్ష కావాలి. వణుకు కథ సరిగ్గా కుదరకపోయినా సరే, ప్రయాణం ఉంటే చాలు. అప్పుడు వెయ్యిమందిలో ఐదుగురు కాదు, అంతకంటే చాలా ఎక్కువమంది దొరుకుతారు, తప్పుడు పాజిటివ్‌ల వాటా పడిపోతుంది.

ఇక వైవాక్స్ గురించి, ఎందుకంటే మన దగ్గర ఎక్కువగా దొరికేది అదే. క్లోరోక్విన్ మూడు రోజులు వేస్తే జ్వరం పోతుంది. కానీ పురుగు కాలేయంలో నిద్రపోతూ ఉంటుంది, దాన్ని చంపేది ప్రైమాక్విన్, 14 రోజులు. మూడో రోజుకే బాగుందని ఆపేస్తారు. రెండు మూడు నెలలకు మళ్లీ జ్వరం, అప్పటికి ఊళ్లో దోమలకు కూడా అంటించి ఉంటాడు. పైగా జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకు ప్రైమాక్విన్ ఇస్తే ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, మూత్రం నల్లగా వస్తుంది. గర్భిణులకు, ఏడాది లోపు పిల్లలకు ఇవ్వకూడదు. అందుకే షాపులో కోర్సు కట్టివ్వొద్దన్నది. చట్టం గురించి కాదు, మనిషి గురించి.

స్లైడు బాబు | కడప

స్టేషన్ దగ్గరి షాపులు, ప్రయాణం చేసినవాళ్లు అంటే నా అభ్యంతరం సగం తగ్గింది. మిగతా సగం: పాజిటివ్ వచ్చిన ప్రతివాడికీ స్లైడు తీయాలి. కార్డు ఒక్కదాని మీద ముగించకూడదు.

ఊరి ఆశక్క | కౌతాళం మండలం

నేను ఆశా వర్కర్‌ని. ఎవరూ మా పేరెత్తలేదు గానీ ఈ కార్డు మా సంచిలో ఉంది సార్. ఫాల్సిపారమ్, వైవాక్స్ రెండూ చూపించేదే ఇస్తారు, ఉచితం. మాకు ట్రైనింగ్ ఇచ్చారు. స్లైడు కూడా తీసి పీహెచ్‌సీకి పంపుతాం. మందు ఉచితం.

జనం మా దగ్గరికి ఎందుకు రారంటే, బొంబాయి నుంచి వచ్చినవాడు రాత్రి పూట దిగుతాడు, నేను ఊళ్లో ఉంటాను, వాడు ఆదోనిలో ఉంటాడు. ఇంకోటి, ఉచితం అంటే చిన్నచూపు. "అక్కా నీ దగ్గర ఏముంటుంది, మంచి మాత్రలు అంగట్లో ఉంటాయి" అంటారు. ఇంకోటి, కిట్లు ఒక్కోసారి అయిపోతాయి, వచ్చేదాకా స్లైడే.

అన్నా, మీరు కార్డు పెట్టకపోయినా పరవాలేదు. ఇలా ఒకతను వచ్చాడు, ఫలానా ఊరు, ఫోన్ నంబరు ఇది అని నాకో, మా ఏఎన్ఎమ్ అక్కకో ఒక్క ఫోన్ చేస్తే చాలు, ఇంటికి పోయి నేనే తీస్తాను. ఆ పద్నాలుగు రోజుల మాత్రలూ దగ్గరుండి వేయించేది మేమే కదా.

ఆదోని అంగడి | ఆదోని

అక్కా, ఇన్నేళ్లుగా అంగడి నడుపుతున్నా, మీ దగ్గర కార్డు ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

> ఒక్క ఫోన్ చేస్తే చాలు

ఇది నేను చేయగలను. అందరి ఊళ్ల ఆశా వర్కర్ల నంబర్లు నాకెలా దొరుకుతాయి? రోజుకు నా దగ్గరికి ఐదు మండలాల జనం వస్తారు.

నల్లమల పీహెచ్‌సీ | ఆత్మకూరు వైపు

జిల్లా మలేరియా ఆఫీసులో అడగండి. సబ్ యూనిట్ ఆఫీసరు ఉంటారు, మండలాలవారీగా నంబర్లు ఇస్తారు. ఒకే నంబరు ఇచ్చినా సరిపోతుంది, అక్కడినుంచి వాళ్లే ఊరికి చెప్పుకుంటారు. టీబీలో ఇది ఇప్పటికే నడుస్తోంది కదా. 2018 నుంచి టీబీ మందు అమ్మిన షాపు ఆ వివరాలు తెలియజేయాలని కేంద్రం గెజిట్ ఇచ్చింది. షాపులను ఆ పనిలోకి తీసుకొచ్చినప్పుడు ఈ పనిలోకి తీసుకురావడం కష్టమేమీ కాదు.

డబ్బు సంగతి మీరు లేవనెత్తారు, దాటవేయను. నా ఉద్దేశం: ప్రభుత్వం కార్డు ఉచితంగా ఇచ్చి, సరైన మనిషిని పట్టుకుని పంపినందుకు, నెగెటివ్ అయినా పాజిటివ్ అయినా, షాపుకు ఒకే మొత్తం ఇవ్వాలి. పాజిటివ్‌కు మాత్రమే ఇస్తే లేత గీతలన్నీ పాజిటివ్ అయిపోతాయి. టీబీలో పేషెంటును నమోదు చేయించిన ప్రైవేటువాళ్లకు డబ్బు ఇస్తున్నారు, మలేరియాలో ఎందుకు కూడదు?

టవర్ క్లాక్ | అనంతపురం

ప్రభుత్వం షాపుకు డబ్బులిచ్చేలోపు దోమలు ముసలివై చనిపోతాయి సార్.

కౌంటర్ ఫైల్ | కర్నూలు

నవ్వులాట కాదు, డాక్టర్ గారు చెప్పిన పద్ధతికి ప్రభుత్వం ఆర్డరు ఇస్తే నేను పైన చెప్పిన ల్యాబ్ అభ్యంతరం చాలావరకు పోతుంది. ప్రోగ్రాం కింద శిక్షణ ఇచ్చి చేయించడం వేరు, సొంతంగా రెప్ దగ్గర కొని చేయడం వేరు. అంగడి అన్నా, రెప్‌కు మాత్రం ఇప్పుడే ఆర్డరు ఇవ్వకు.

అమ్మఒడి కాదు అమ్మనొప్పి | అనంతపురం

మరి నెగెటివ్ వచ్చినవాళ్లకు, ప్రయాణం చేయనివాళ్లకు షాపులో ఏం చెప్పాలి? మాలాంటివాళ్లం ఎక్కువమంది అదే కదా.

నల్లమల పీహెచ్‌సీ | ఆత్మకూరు వైపు

మంచి ప్రశ్న అమ్మా. షాపువాళ్లకు నేను చెప్పేవి: పారాసెట్మాల్ ఇవ్వండి, డైక్లో, బ్రూఫెన్, ఆస్పిరిన్ ఇవ్వొద్దు, డెంగ్యూ అయితే రక్తస్రావం పెరుగుతుంది. యాంటీబయాటిక్ పొట్లంలో వేయొద్దు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తు, ఫిట్స్, మూత్రం తగ్గడం, వీటిలో ఏది ఉన్నా ఆ పూటే ఆసుపత్రికి. రెండు రోజులు దాటినా తగ్గని జ్వరం కూడా ఆసుపత్రికే.

ఒకటి ప్రత్యేకంగా చెప్తా. మన సీమలో స్క్రబ్ టైఫస్ ఉంది. పొలంలో, పొదల్లో తిరిగినవాళ్లకు చిన్న పురుగు కుట్టి చంకలోనో, గజ్జల్లోనో, రొమ్ము కిందో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ పడుతుంది, నొప్పి ఉండదు కాబట్టి మనిషికే తెలియదు. మచ్చ ఏమైనా ఉందా అని ఒక్క మాట అడిగితే చాలు. త్వరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్‌తో తగ్గిపోతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు. మలేరియా కార్డు నెగెటివ్ చూసి సంతోషపడి ఇంటికెళ్లినవాళ్లలో ఇవి ఉంటాయనే నా టెన్షన్ అంతా.

గోడమీది తేదీ | నంద్యాల

ఆదోని బాబూ, ప్రయాణం గురించి అడిగేటప్పుడు "యాడికి పోయొచ్చినావు" అని అడగొద్దు, దాచిపెడతారు. మేస్త్రీ పేరు చెప్పుకోవడానికి భయం. "ఎన్నాళ్లైంది ఊరికొచ్చి" అని అడుగు. వాళ్లే చెప్తారు.

ఆదోని అంగడి | ఆదోని

ఇది బాగుంది పెద్దాయనా, రాసిపెట్టుకున్నా.

సరే, ఇప్పటికి అనుకున్నది: రెప్‌కు ఆర్డరు ఇవ్వను. సోమవారం మలేరియా ఆఫీసుకు పోయి నంబర్లు అడుగుతా, షాపులకు శిక్షణ ఇచ్చే ఆలోచన ఉందేమో కనుక్కుంటా. స్టేషన్ రోడ్డులో మేము ఏడెనిమిది షాపులున్నాం, అందరూ ఒకే మాట మీద ఉంటేనే పొట్లం కట్టడం తగ్గుతుంది. లేకపోతే నేనొక్కణ్ని నీతులు చెప్పుకుంటూ కూర్చోవాలి. డ్రగ్గిస్టుల అసోసియేషన్ మీటింగులో ఎత్తుతా, తిట్లు తినడం గ్యారంటీ.

ఒకవేళ రేపు ప్రోగ్రాం నుంచి కార్డులు ఇచ్చినా ఒక డౌటు. మాది రేకుల షెడ్డు. ఏప్రిల్, మేలో లోపల నిలబడలేం, కరెంటు పోతే చెప్పక్కర్లేదు. ఇన్సులిన్ ఫ్రిజ్‌లో పెట్టొచ్చా కార్డులు?

స్లైడు బాబు | కడప

డబ్బా మీద రాసి ఉంటుంది చూడు. కొన్ని కంపెనీలవి 30 డిగ్రీల దాకా, కొన్ని 40 దాకా తట్టుకుంటాయి. ప్రోగ్రాంవాళ్లను 40 దాకా తట్టుకునేదే అడుగు, మన ఎండలకు 30ది పనికిరాదు. ఫ్రిజ్‌లో పెట్టొచ్చు గానీ గడ్డకట్టకూడదు, ఫ్రీజర్ పక్క అరలో పెట్టకు. వాడేముందు బయటికి తీసి, పౌచ్ విప్పకుండా గది వేడికి వచ్చేదాకా ఆగు. చల్లగా ఉన్నప్పుడే చింపితే కార్డుకు చెమ్మ పడుతుంది.

బఫర్ సీసా మీద తెరిచిన తేదీ పెన్నుతో రాయి.

ఊరి ఆశక్క | కౌతాళం మండలం

అన్నా, మెసేజ్‌లో నా నంబరు పంపాను. మా ఏఎన్ఎమ్ అక్క నంబరు కూడా. కోసిగి వైపువాళ్లవి రేపు మీటింగులో అడిగి పంపిస్తా.